ఊరూ రాయీ కలిపి చూడాలి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

దసరా సెలవుల్లో పిల్లలిద్దరికీ మన వైపు మ్యూజియాలు చూపించాలని ఉందనీ, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమనీ రాశావు. ముప్ఫై ఏళ్ళకు పైగా చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి, ఏటా ఏదో ఒక మ్యూజియానికి పిల్లలను వెంటబెట్టుకు వెళ్ళినవాణ్ణి కనుక నీ ఉత్తరం చూడగానే ఎంతో సంతోషం కలిగింది. తొందరగా రెండు మాటల్లో తేల్చకుండా కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ముందుగా నేను చేసిన తప్పు చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో అరవై మంది పిల్లలను ఒక పెద్ద మ్యూజియానికి తీసుకువెళ్ళి, ఏ గదీ వదిలిపోకూడదన్న పట్టుదలతో రెండు గంటల్లో మొత్తం తిప్పించాను. మర్నాడు తరగతిలో, నిన్న చూసినవాటిలో ఒక్కదాన్ని వర్ణించమంటే ఒక్కరూ నోరు విప్పలేదు. వాళ్ళ కాళ్ళు నడిచాయి గానీ కళ్ళు ఎక్కడా నిలవలేదు, నిలవనివ్వలేదు నేను. ఆ తరువాత నుంచి ఒక పూటకు నాలుగైదు వస్తువులకు మించి చూపించలేదు. నువ్వూ అలాగే చెయ్యి. ఒక్క శిల్పం ముందు పావుగంట నిలబడడం పిల్లలకు కష్టమనుకోవద్దు. ఏం వెతకాలో చెబితే పెద్దవాళ్ళకంటే వాళ్ళే ఎక్కువసేపు నిలబడతారు.

నా సలహా ఏమిటంటే, పెద్ద నగరాల్లోని మ్యూజియాలతో కాక అమరావతితో మొదలుపెట్టు. గుంటూరు నుంచి ముప్ఫై కిలోమీటర్ల పైచిలుకు దూరం. మొదట మ్యూజియంలోకి వెళ్ళకుండా బౌద్ధ స్తూపం ఉన్న చోటికి వెళ్ళండి. అక్కడ ఇప్పుడు పెద్దగా కనిపించేదేమీ ఉండదు. గుండ్రంగా పరుచుకున్న తక్కువ ఎత్తు దిబ్బ, చుట్టూ కొన్ని పలకలు, స్తంభాలు. పిల్లలు నిరుత్సాహపడితే పడనీ. ఒకప్పుడు సుమారు 50 మీటర్ల వ్యాసంతో నిలిచిన మహాచైత్యం అదేనని చెప్పి, దాని చుట్టూ ప్రదక్షిణగా ఒకసారి నడిపించు. అంత పెద్ద కట్టడం చుట్టూ నడవడానికి ఎంతసేపు పడుతుందో వాళ్ళ కాళ్ళకే తెలుస్తుంది. ఆ తరువాత మ్యూజియంలోకి వెళ్ళి స్తూపం నమూనాను, ప్రాకారపు ముక్కలను చూస్తే, ఏ రాయి ఎక్కడ ఉండేదో వాళ్ళే ఊహించుకోగలుగుతారు. నాలుగు దిక్కులా ఐదేసి ఆయక స్తంభాలు ఉండేవి. బుద్ధుని జననం, గృహత్యాగం, జ్ఞానోదయం, తొలి ధర్మోపదేశం, మహాపరినిర్వాణం అన్న ఐదు ఘట్టాలకు అవి గుర్తులని చెబుతారు.

ఇంత గొప్ప కట్టడం దిబ్బగా ఎలా మిగిలిందని పిల్లలు అడగక మానరు. దాచకుండా చెప్పు. పద్దెనిమిదో శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన రాజధానిని అక్కడికి మార్చుకున్నప్పుడు, ఇటుకల కోసం, రాళ్ళ కోసం ఆ దిబ్బను తవ్వారు. కొన్ని పలకలు కొత్త కట్టడాల్లోకి వెళ్ళాయి, కొన్నింటిని సున్నం కోసం కాల్చేశారు. 1797 ప్రాంతంలో ఆ సంగతి విని వచ్చి చూసిన ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ, 1816లో తన బృందంతో తిరిగి వచ్చి మిగిలిన శిల్పాలకు బొమ్మలు గీయించాడు. ఇప్పుడు రాళ్ళు పోయినా ఆ బొమ్మలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. 1845లో కంపెనీ అధికారే అయిన వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు మద్రాసుకు చేరి, ఏళ్ళ తరబడి ఎండకూ వానకూ ఆరుబయట పడి ఉండి, 1859లో ఓడకెక్కి లండన్ వెళ్ళాయి. అక్కడి బ్రిటిష్ మ్యూజియంలో ఈనాటికీ సుమారు 120 ఉన్నాయి. వాటికి ఇంగ్లీషువాళ్ళు పాలరాళ్ళని పేరు పెట్టారు కానీ, నిజానికి అది పాలరాయి కాదు, పలనాటి సున్నపురాయి. లేత ఆకుపచ్చ ఛాయ కలిసిన ఆ తెలుపును పిల్లలకు దగ్గరగా చూపించు. ఒకసారి కంటికి అలవాటైతే ఏ ఊరి మ్యూజియంలో కనబడినా గుర్తుపడతారు.

అంటే ఒక్క స్తూపం ముఖ్యంగా మూడు చోట్ల ఉందన్నమాట: అమరావతిలో కొంత, చెన్నైలో కొంత, లండన్‌లో కొంత. నాకు బాధ కలిగించే సంగతీ ఇదే, పిల్లలకు చెప్పదగ్గ సంగతీ ఇదే. ప్రాంతీయ మ్యూజియంలో ఉన్న ప్రతి రాతికీ ఒక ఊరు ఉంటుంది. పలక పక్కన పేరు చదవగానే ఇది ఎక్కడ దొరికింది, అక్కడ ఇప్పుడు ఏముంది అని అడగడం వాళ్ళకు అలవాటు చెయ్యి.

రెండో మజిలీగా నాగార్జునకొండ పెట్టుకో. శాతవాహనుల తరువాత ఈ ప్రాంతాన్ని ఏలిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ మొత్తం నాగార్జునసాగర్ నీటి కింద ఉంది. ప్రాజెక్టుకు 1955లో శంకుస్థాపన జరిగింది. 1954 నుంచి 1960 దాకా సాగిన తవ్వకాల్లో బయటపడిన ముఖ్యమైన కట్టడాలను ఊడదీసి, కొన్నింటిని కొండ మీద, కొన్నింటిని జలాశయం ఒడ్డునున్న అనుపులో తిరిగి నిలబెట్టారు. ఆ కొండే ఇప్పుడు ద్వీపం. లాంచీలో వెళ్ళేటప్పుడు మన కింద ఒక నగరం ఉందని పిల్లలకు చెప్పు. మ్యూజియంలో మునిగిన లోయ నమూనా ఉంటుంది, మొదట దాని దగ్గరకే వెళ్ళు. ఏ బౌద్ధ విహారం ఎక్కడుండేదో అందులో చూశాకే శిల్పాల దగ్గరకు వెళ్ళాలి. యుద్ధంలో చనిపోయిన సైనికుల జ్ఞాపకంగా నిలిపిన ఛాయాస్తంభాలను, రాజు చాంతమూలుడి సోదరి చాంతిసిరి చేసిన దానాలను చెప్పే శాసనాలను మాత్రం తప్పక చూపించు. అక్కడ దానాలు చేసినవారిలో రాజకుటుంబపు స్త్రీలే ఎక్కువగా కనిపిస్తారు. నీ కూతురు ఆ సంగతి తెలుసుకోవాలి.

లాంచీల విషయంలో జాగ్రత్త. ఒకసారి మధ్యాహ్నం రేవుకు చేరి, చివరి లాంచీ వెళ్ళిపోయిందని తెలిసి పిల్లలతో వెనుదిరగవలసి వచ్చింది. వాళ్ళ ముఖాలు నాకింకా గుర్తున్నాయి. గాలి ఎక్కువైనా లాంచీలు ఆపేస్తారు. అందుకని పొద్దున్నే వెళ్ళి, తిరుగు లాంచీ ఎప్పుడో అడిగి తెలుసుకున్నాకే కొండ ఎక్కండి.

మూడోది చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియం. 1851లో మొదలైన ఆ మ్యూజియంలో అమరావతి శిల్పాలకు ఒక గ్యాలరీ ఉంది. అక్కడ మిగతావన్నీ వదిలేసి నలగిరి ఏనుగు పలక ముందు నిలబడండి. గుండ్రటి పలక. బుద్ధుణ్ణి చంపించాలని రాజగృహ వీధుల్లోకి ఆయన దాయాది దేవదత్తుడు నలగిరి అనే మదపుటేనుగును వదిలించిన కథ. ఎడమ వైపు ఏనుగు తొండంతో ఒక మనిషిని పట్టి విసురుతోంది, జనం చెల్లాచెదురవుతున్నారు, ఒక స్త్రీ భయంతో పక్కనున్న పురుషుణ్ణి కరుచుకుపోయింది, మేడ మీది కిటికీల్లోంచి తలలు తొంగిచూస్తున్నాయి. కుడి వైపు అదే ఏనుగు బుద్ధుని పాదాల ముందు మోకరిల్లింది. ఒకే పలకలో రెండు ఏనుగులు ఎందుకున్నాయని పిల్లలను అడిగి, జవాబు నువ్వు చెప్పకుండా కాసేపు ఊరుకో. శిల్పి కాలాన్ని రాతిలో ఎలా నడిపించాడో వాళ్ళే కనుక్కుంటారు. ఆ తరువాత పక్కనున్న పాత పలకల్లో బుద్ధుణ్ణి వెతకమను. అక్కడ ఆయన కనిపించడు. ఖాళీ సింహాసనం, పాదముద్రలు, చెట్టు, చక్రం మాత్రమే ఉంటాయి. తొలి రోజుల శిల్పులు బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కలేదని అప్పుడు చెప్పు.

శాసనాలను భయపడి దాటిపోవద్దు. బ్రాహ్మీ లిపి, ప్రాకృత భాష మనకు రాకపోయినా ఎవరు ఇచ్చారన్నది పక్కనున్న వివరంలో రాసి ఉంటుంది. అమరావతిలో పూర్ణఘటం, అంటే పూలతో నిండిన కుండ, చెక్కిన ఒక పలకను దానం చేసినవాడు విధికుడు అనే తోలుపనివాడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలు అందరినీ కలుపుకుని ఇచ్చానని రాయించుకున్నాడు. రాజు కట్టించాడన్న పాఠం చదివిన పిల్లలకు ఈ ఒక్క శాసనం చాలు. మనకు తెలిసిన తొలి తెలుగు మాటగా పండితులు చెప్పే ‘నాగబు’ కూడా అమరావతి రాతి మీద దొరికినదే.

హైదరాబాదు ఆఖరున పెట్టుకో. సాలార్‌జంగ్ మ్యూజియం మంచిదే, కానీ దాన్ని చూసే పద్ధతి వేరు. అది ఒక ప్రాంతపు నేల నుంచి వచ్చినది కాదు, ముఖ్యంగా మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ అభిరుచి నుంచి వచ్చినది. గడియారం గంట కొట్టడం చూడకుండా పిల్లలు కదలరు, చూడనీ. తరువాత ముసుగు రెబెక్కా అనే శిల్పం దగ్గర కాసేపు ఆగి, చలువరాతిలో పలుచని ముసుగు ఎలా వచ్చిందో అడుగు. విజయవాడలో రైలు మారేటప్పుడు వీలుంటే బాపు మ్యూజియం కూడా చూపించు. 1921లో పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా అందించిన బెజవాడ సమావేశాలు జరిగింది ఆ పాత విక్టోరియా జూబిలీ భవనంలోనే.

ఇక చిన్న విషయాలు. ఫోన్లను సంచిలో పెట్టించు. ఒక్కొక్కరికీ గీతల్లేని నోటుపుస్తకం, పెన్సిలు ఇచ్చి, నచ్చిన ఒక్క బొమ్మను అక్కడే కూర్చుని గీయమను. ఏనుగు కాలు గీసేటప్పుడే శిల్పి దాన్ని ఎలా వంచాడో తెలుస్తుంది. శిల్పాలను చేత్తో తాకనివ్వకు, మన చెమట రాతిని పాడుచేస్తుంది. గదుల్లో కాపలా ఉండేవాళ్ళతో మర్యాదగా మాట్లాడు; ఏళ్ళ తరబడి ఆ శిల్పాల మధ్యే ఉన్నవాళ్ళు, ఏ వేళకు ఏ పలక మీద వెలుగు బాగా పడుతుందో వాళ్ళకు తెలుసు.

తేదీలు ఖాయం చేసేముందు ఒకటి చూసుకో. అమరావతి, నాగార్జునకొండ, ఎగ్మూరు, సాలార్‌జంగ్ అన్నింటికీ శుక్రవారమే సెలవు. గురువారం రాత్రి బయలుదేరే రైలు దొరికినా టికెట్టు తియ్యవద్దు. అమరావతికి ఏ రోజు వస్తారో రాస్తే నేను గుంటూరు నుంచి బస్సులో వచ్చి దిబ్బ దగ్గర కలుస్తాను.

ఆశీస్సులతో,
పెదనాన్న