నలగిరి ముందు మరికొంతసేపు నిలబడు

చిరంజీవికి ఆశీస్సులు.

చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో అమరావతి శిల్పాలను చూసి వచ్చి నువ్వు రాసిన వ్యాసం అందింది. భాష బాగుంది, వాక్యం ఎక్కడా తడబడలేదు. అయితే నలగిరి అనే ఏనుగు కథ చెక్కిన పలక దగ్గరికి వచ్చేసరికి ‘ఒళ్లు పులకరించింది, మాటలు రాలేదు, కళ్లు చెమర్చాయి’ అని రాసేసి ముందుకు వెళ్లిపోయావు. నీ కళ్లు చెమర్చాయంటే నేను నమ్ముతాను. చదివేవాడి కళ్లు చెమర్చడానికి మాత్రం ఆ మాట చాలదు. ఆ రాతిలో ఏది నిన్ను కదిలించిందో, శిల్పి ఏం చేస్తే దానికి ఆ బలం వచ్చిందో చెప్పగలిగినప్పుడే నీ అనుభవం అవతలివాడిదాకా చేరుతుంది.

కథ నీకు తెలిసిందే. బుద్ధుణ్ణి చంపించాలని దేవదత్తుడు రాజగృహ వీధుల్లోకి మదపుటేనుగును వదిలిస్తాడు; అది ఆయన ముందుకు వచ్చి మోకరిల్లుతుంది. క్రీ.శ. 2వ శతాబ్దపు ఆ శిల్పికి ఎదురైన చిక్కేమిటో ఆలోచించు. ఏనుగు కోపాన్ని మాత్రమే చెక్కితే బుద్ధుడి మహిమ తెలియదు, దాని వినయాన్ని మాత్రమే చెక్కితే అంతకుముందు ఎంత ప్రమాదం ముంచుకొచ్చిందో తెలియదు. అందుకని అతడు ఒకే గుండ్రటి పలకలో ఒకే ఏనుగును రెండుసార్లు చెక్కాడు. ఎడమవైపు అది తొండంతో ఒక మనిషిని పట్టి విసురుతోంది, కాళ్ల కింద మనుషులు నలుగుతున్నారు. కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి పాదాల ముందు ఒదిగిపోయి ఉంది. ఆ రెండింటి నడుమ ఏం జరిగిందో అతడు చెక్కలేదు. దాన్ని మన ఊహకు వదిలేశాడు, మన ఒళ్లు పులకరించేది కూడా సరిగ్గా ఆ జాగాలోనే. పైన మేడ కిటికీల్లోంచి తొంగిచూసే జనం గాని, భయంతో పక్కమనిషిని కరుచుకున్న స్త్రీ గాని నీ వ్యాసంలో ఎక్కడా కనిపించరు. వాళ్లు అక్కడ చోటు నింపడానికి లేరు. మనం ఎంత దూరాన నిలబడి, ఎంత బెదురుతో ఆ దృశ్యాన్ని చూడాలో మనకు చూపడానికి ఉన్నారు.

ఈ పలకలు మ్యూజియం గోడల కోసం పుట్టినవి కావన్నది కూడా మరిచిపోకు. పలనాటి సున్నపురాతితో అమరావతి మహాస్తూపం చుట్టూ కట్టిన ప్రాకారంలో ఇవి భాగాలు. ఆ ప్రాకారానికి బయటివైపు ప్రధానంగా పద్మాలు ఉండేవి, కథలన్నీ లోపలివైపు, ప్రదక్షిణ చేసేవారి కంట పడేలా ఉండేవి. స్తూపాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని నడిచే భక్తుడు ప్రాకారం వైపు తిరిగి చూస్తే, అతడి నడక పలక మీద ఎడమ నుంచి కుడికి సాగుతుంది. అంటే అతడికి ముందు ఏనుగు మదం ఎదురవుతుంది, రెండడుగులు వేశాక దాని శరణాగతి కనిపిస్తుంది. ఇది నా ఊహే అనుకో, కాని ఈసారి వెళ్లినప్పుడు ఆ పలక ముందు ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా నడిచి చూడు.

ఈస్టిండియా కంపెనీ సర్వేయరు మెకంజీ 18వ శతాబ్దం చివర్లో ఆ స్తూపపు దిబ్బను చూడటం, 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించడం, కొన్ని రాళ్లు మద్రాసులో ఉండిపోయి కొన్ని 1859లో లండన్ చేరడం నువ్వు పేజీలకు పేజీలు, అదీ ఆవేశంగా రాశావు. మన రాళ్లు పరాయిచోట ఉన్నాయన్న బాధ న్యాయమైనదే, నాకూ ఉంది. కాని అది రాళ్ల గతికి సంబంధించిన బాధ. శిల్పి కలిగించిన భావంతో దాన్ని కలగలిపేస్తే రెండూ పలచనవుతాయి.

ఇక అర్థం విషయం. ఒకచోట ‘బుద్ధుణ్ణి పూజిస్తున్న స్త్రీలు’ అని రాశావు. నువ్వు వర్ణించిన ఆ పలకలో ఉన్నది ఖాళీ ఆసనం, దాని కింద పాదముద్రలు. తొలినాటి అమరావతి శిల్పులు బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కకుండా ఆసనంతో, బోధివృక్షంతో, పాదాలతో, చక్రంతో సూచించారు. ఆ స్త్రీల వీపులు అంతగా వంగింది ఎవరూ కనిపించని ఆసనం ముందు. ఆ సంగతి వదిలేస్తే దృశ్యంలోని ఆర్తి అంతా పోతుంది. బ్రిటిష్ మ్యూజియంలో ఒక పలక ఉంది: క్రీ.పూ. 1వ శతాబ్దంలో ఒకవైపు ఇలాంటి ఖాళీ ఆసనాన్నే చెక్కారు, క్రీ.శ. 3వ శతాబ్దంలో దాన్ని వెనక్కి తిప్పి రెండోవైపు స్తూపాన్ని చెక్కారు. భక్తి చూపే తీరు ఎలా మారుతూ వచ్చిందో ఆ ఒక్క రాయి చెబుతుంది.

సాలార్‌జంగ్ మ్యూజియంలోని ముసుగు రెబెకాను నువ్వు పోలికగా తెచ్చావు కనుక ఒక మాట. ఇటలీ శిల్పి బెంజోనీ చేసిన ఆ పాలరాతి బొమ్మను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో కొన్నాడు. దాని ముందు నిలబడ్డవాళ్లందరూ పలచని ముసుగును రాతిలో ఎలా తెచ్చాడా అని నోరు వెళ్లబెడతారు. ఆ అమ్మాయి ముసుగు ఎందుకు వేసుకుందో అడిగేవాళ్లు అరుదు. బైబిలు కథలో ఆమె తనకు కాబోయే భర్త ఇస్సాకు దూరాన ఎదురు రావడం చూసి ముఖం కప్పుకుంటుంది. శిల్పి పట్టుకున్నది ఆ క్షణపు సిగ్గును. నా మట్టుకు ఆ పనితనం ఆ సిగ్గును కొంత మింగేసిందనే అనిపిస్తుంది. నువ్వు ఒప్పుకోనక్కరలేదు, కాని ఒప్పుకోకపోతే కారణం బొమ్మలోనే చూపించు.

చివరగా, ఆ రాళ్ల మీద దాతలు రాయించిన శాసనాలు చదువు. మద్రాసు మ్యూజియం అమరావతి శిల్పాల మీద సి. శివరామమూర్తి గారు 1942లో చేసిన కృషి ఇందుకు ఇప్పటికీ ఆధారం. అమరావతి దాతల్లో విధికుడనే చర్మకారుడు ఉన్నాడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను ఇచ్చానని రాయించుకున్నాడు. రాజులను తలుచుకుంటూ నువ్వు ఒక పేరా రాశావు. తోలుపని చేసి కూడబెట్టిన సొమ్ముతో ఇంటిల్లిపాది పేరున ఒక నిండుకుండను రాతిలో నిలిపిన ఈ మనిషి నీ వ్యాసంలోకి రావద్దూ?

మెకంజీ పేజీలు కుదించి, ఆ చోటు విధికుడికి, కిటికీల్లోని జనానికి ఇవ్వు. ‘కళ్లు చెమర్చాయి’ అన్న వాక్యాన్ని కొట్టెయ్యి. తిరగరాశాక చేతిరాతలోనే పంపు, తెరమీద చదవడం నాకు కష్టంగా ఉంటోంది.

శుభాకాంక్షలతో,
మీ మాస్టారు