ఈత అంతంతమాత్రంగా వచ్చినవాళ్లు బాలిలో మునిగిన ఓడ దగ్గర స్కూబా చేయవచ్చా?

బెంగళూరులో ఉద్యోగం, ఈత ఏదో కాస్త వచ్చు, తులాంబెన్‌లో మునిగిన ఓడ చూడాలని ఉంది, కుదురుతుందా అని అడిగారు. కుదురుతుంది. ఈత కన్నా ఊపిరి మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి.

మాది అనంతపురం దగ్గర పల్లె. వీపుకు బెండు కట్టి మామయ్య బావిలోకి తోస్తే ఈత నేర్చుకున్నాను. దమ్ము బిగబట్టి అడుగుదాకా మునిగి గుప్పెడు మట్టి తెచ్చి చూపించడం మా పందెం. బెంగళూరులో స్కూబా క్లాసు మొదటి రోజే ఆ అలవాటు అడ్డం పడింది. స్కూబాలో మొదటి నియమమే ఊపిరి బిగబట్టకూడదని. పది మీటర్ల లోతులో ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు. అక్కడ వీపున ఉన్న సిలిండర్ నుంచి ఊపిరితిత్తుల నిండా గాలి పీల్చి, దాన్ని బిగబట్టి పైకి వస్తే ఆ గాలికి రెట్టింపు చోటు కావాలి. ఊపిరితిత్తులు చిట్లే ప్రమాదం ఉంది. బావిలో గాలి పైనే పీల్చి మునుగుతాం కాబట్టి ఈ బాధ లేదు.

నేను చేసిన ఓపెన్ వాటర్ కోర్సులో, అంటే స్కూబాలో మొదటి మెట్టు కోర్సులో, ఈత పరీక్ష కష్టమేమీ కాదు. 200 మీటర్లు ఆగకుండా ఈదాలి, ఎంతసేపైనా పట్టనివ్వండి. పది నిమిషాలు నీటి మీద తేలాలి. మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ పూల్‌లో రెండు నెలలు సాధన చేశాను. సముద్రంలో చేయాల్సిన నాలుగు డైవ్‌లు మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి దీవిలో పూర్తి చేశాను. మీరూ అలాగే చేయండి. బాలికి వెళ్లి అక్కడే మొదటిసారి నీళ్లలో దిగితే సగం రోజులు టెన్షన్‌కే పోతాయి.

ఇక ఓడ. లిబర్టీ అనే అమెరికా సరుకు ఓడ అది. 1942 జనవరిలో జపాన్ జలాంతర్గామి వేసిన టార్పెడో తగిలితే లాక్కొచ్చి తులాంబెన్ ఒడ్డుకు చేర్చారు. 1963లో ఆగుంగ్ అగ్నిపర్వతం పేలినప్పుడు నేల కదిలి సముద్రంలోకి జారింది. ఒడ్డుకు అంత దగ్గరగా ఉండటంతో పడవ అక్కర్లేదు, నల్లటి గులకరాళ్ల మీద నడిచి దిగడమే. ఆ రాళ్లు కాళ్ల కింద జారతాయి, బూట్లు వేసుకోండి. అక్కడి ఆడవాళ్లు మనవాళ్లు బిందెలు మోసినట్టు సిలిండర్లు నెత్తిన మోసుకెళ్తుంటే చూసి నాకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

ఓడ పైభాగం సుమారు ఐదు మీటర్ల లోతులోనే మొదలవుతుంది, కిందిభాగం ముప్పై దాకా పోతుంది. ఓపెన్ వాటర్ వాళ్లకు 18 మీటర్లే హద్దు, అయినా చూడటానికి బోలెడు ఉంది. లోతుకు పోయేకొద్దీ ఎరుపు మాయమై అంతా నీలంగా కనిపిస్తుంది. టార్చ్ వేయగానే ఇనుప దూలాల మీద పగడాలు ఎర్రగా మెరుస్తాయి. తెల్లవారుజామున దిగితే నుదుటి మీద బొడిపెలున్న పెద్ద చిలుక చేపలు గుంపుగా కనిపించాయి.

నాకు పొరపాటు జరిగింది అక్కడే. మసక నీలంలోంచి ఓడ ఒక్కసారిగా కనబడేసరికి, చిన్నప్పటిలా దమ్ము బిగబట్టాను. ఛాతీ నిండా గాలి ఉంటే ఒళ్లు పైకి తేలుతుంది. నాకు తెలియకుండానే మూడు నాలుగు మీటర్లు పైకి లేచాను. గైడ్ నా జాకెట్ పట్టుకుని, మెల్లగా వదలమని చేత్తో చూపించాడు. తర్వాత కంగారులో గబగబా పీల్చి, 32 నిమిషాలకే సిలిండర్‌లో మిగిలిన గాలిని చూపే గేజ్‌ను 50 బార్‌కు, అంటే ఇక పైకి రావాల్సిన హద్దుకు, తెచ్చాను. మధ్యాహ్నం నెమ్మదిగా పీలిస్తే అదే సైజు సిలిండర్ 46 నిమిషాలు వచ్చింది.

ఓడ లోపలికి మాత్రం వెళ్లకండి. అవతల వెలుతురు కనిపించినా సరే. లోపల ఏదైనా అయితే నేరుగా పైకి రావడానికి దారి ఉండదు, కాళ్లకు తొడిగిన ఫిన్ తగిలితే మడ్డి లేచి ఏమీ కనబడదు. దానికి వేరే శిక్షణ ఉంది.

జలుబు చేసి నీటి ఒత్తిడికి చెవులు సర్దుకోకపోతే ఆ రోజు డైవ్ మానేయండి, డబ్బులు పోయినా పర్వాలేదు. చివరి డైవ్‌కూ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉంచండి. బెంగళూరు తిరుగు టికెట్ ఆ లెక్కతోనే తీసుకోండి. ఆస్తమా, గుండె జబ్బు, చెవి ఆపరేషన్ లాంటివి ఉంటే ముందు డాక్టర్‌ను కలవండి. అవేవీ లేకపోతే, ఈ ఆదివారం పూల్‌లో ఎన్ని నిమిషాలు కదలకుండా తేలగలిగారో చూసి కింద రాయండి. ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతాను.