ఏకకణమా, ఒక్కో కణమా?

సందేహం: నేను హైదరాబాదులో జీవశాస్త్ర పరిశోధన చేస్తున్నాను. మా పని గురించి తెలుగులో వ్యాసం రాసి, 'జన్యు బార్‌కోడీకరణతో సామూహిక ఏకకణ ఆర్‌ఎన్‌ఏ అనుక్రమణం' అని పేరు పెట్టాను. మా నాన్నగారు చదివి 'ఇది తెలుగేనా అమ్మా?' అన్నారు. బార్‌కోడీకరణ అన్న మాట తప్పా? బార్‌కోడ్‌ని 'జన్యు సంకేతం' అనవచ్చా? బహువచనం బార్‌కోడ్‌లా, బార్‌కోడ్లా?

సమాధానం: మీ నాన్నగారు అడిగింది న్యాయమే. అయితే మీరు అనుమానించిన మాటలో పెద్ద తప్పేం లేదు. అనుమానించని మాటల్లోనే ఉంది చిక్కంతా.

ఇంగ్లీషు మాటకు 'ఈకరణ' తగిలించకూడదన్నది పాత పట్టింపు. కంప్యూటరీకరణ, ప్రైవేటీకరణ రోజూ పేపర్లో చదువుతూ బార్‌కోడీకరణను కాదనలేం. నాకైతే 'బార్‌కోడ్ వేయడం' అంటే చాలనిపిస్తుంది.

'జన్యు సంకేతం' మాత్రం వద్దు. డీఎన్‌ఏలో మూడేసి అక్షరాల 64 మాటలతో 20 అమైనో ఆమ్లాల సంగతి చెప్పే వ్యవస్థకు ఆ పేరు ఎప్పుడో పెట్టేశారు. 'చారల గుర్తు' అని అనువదించబోయిన వారినీ చూశాను. 1974 జూన్ 26న అమెరికాలో, ఒహాయో రాష్ట్రం ట్రాయ్ పట్టణంలోని సూపర్‌మార్కెట్‌లో స్కాన్ చేసిన చూయింగ్ గమ్ పొట్లం మీద చారలు ఉన్నాయి. మీ ల్యాబులో చారలెక్కడివి? ఏది ఏ కణానిదో తెలియడానికి పెట్టే ఏ, టీ, జీ, సీ అనే డీఎన్‌ఏ అక్షరాల వరుసే కదా బార్‌కోడ్. ఒక్కో కణం ఆర్‌ఎన్‌ఏను విడివిడిగా చదివే, 2015 నాటి డ్రాప్‌సీక్ పద్ధతిలో ఆ వరుస పొడవు 12 అక్షరాలు. నాలుగు అక్షరాలతో 12 గళ్ళు నింపితే 1,67,77,216 రకాల వరుసలు వస్తాయి. వేల కణాలకు వేరువేరు గుర్తులు దొరకడానికి అది ధారాళంగా సరిపోతుంది. బార్‌కోడ్‌ని బార్‌కోడ్‌గానే ఉంచండి, కిరాణా కొట్టు అబ్బాయికి కూడా తెలిసిన మాట.

ఇక అసలు చిక్కు 'ఏకకణ' దగ్గర. స్కూలు పుస్తకంలో ఏకకణ జీవి అంటే అమీబా. ఒకే కణం కలది అని బహువ్రీహి. ఆ అలవాటుతో 'ఏకకణ ఆర్‌ఎన్‌ఏ' చదివినవాడు అమీబా ఆర్‌ఎన్‌ఏ అనుకుంటాడు. మీరు చెప్పదలిచింది వేల కణాల్లో ఏ కణం ఆర్‌ఎన్‌ఏను, అంటే జన్యువుల నుంచి కణం రాసుకునే ప్రతులను, ఆ కణం లెక్కలో వేసి చదవడం. దీనికి తెలుగులో చక్కని మాట ఉండనే ఉంది: ఒక్కో. 'ఒక్కో కణం ఆర్‌ఎన్‌ఏ' అంటే అమీబా అడ్డురాదు.

'జన్యు బార్‌కోడ్'కు విగ్రహవాక్యం చెప్పి చూడండి. జన్యువు యొక్క బార్‌కోడా? జన్యుపదార్థంతో చేసిన బార్‌కోడా? జన్యుపదార్థంలో చేర్చిన బార్‌కోడా? మూడూ కుదురుతాయి, అదే ఇబ్బంది. సమాసంలో విభక్తి లోపిస్తుంది, మీ ప్రయోగంలోనేమో సంగతంతా విభక్తిలోనే ఉంది.

రేవు సంగతి తీసుకుందాం. వెనుకట రజకులు ఊళ్ళో బట్టలన్నీ మూటకట్టి రేవుకు తీసుకెళ్ళేవారు. ఎవరి పంచె ఎవరిదో తెలియడానికి మూలన నల్లజీడి రసంతో గుర్తు పెట్టేవారు. అన్నీ ఒకే బానలో ఉడికినా సాయంత్రానికి ఏ ఇంటివి ఆ ఇంటికి చేరేవి. 2018లో వచ్చిన సెల్ హ్యాషింగ్ ఇలాంటిదే. ఒక్కో నమూనాలోని కణాల పైపొరకు, యాంటీబాడీల సాయంతో, ఆ నమూనా బార్‌కోడ్ తగిలిస్తారు. తర్వాత అన్నీ కలిపేసి ఒకేసారి నడిపిస్తారు. ఖర్చు తగ్గుతుంది, ఒక్కో నమూనాను ఒక్కో రోజు చేస్తే వచ్చే తేడాలూ తగ్గుతాయి. ఇక్కడ 'కణానికి' బార్‌కోడ్ తగిలించారు అనాలి.

డ్రాప్‌సీక్‌లో అలా కాదు. కణమూ, బార్‌కోడ్‌లు మోసే పూసా ఒకే నీటి బిందువులో పడతాయి. కణం పగిలి అందులోని ఆర్‌ఎన్‌ఏ పూసకు చిక్కుకుంటుంది. ఆ ఆర్‌ఎన్‌ఏకు తీసే డీఎన్‌ఏ నకలుతో బార్‌కోడ్ కలిసిపోతుంది. అప్పటికి కణమే లేదు కాబట్టి 'కణానికి వేశారు' అనడం కన్నా 'నకలుకు చేర్చారు' అనడం నయం.

మీ వ్యాసంలో ఉన్నది మూడో రకం. వైరస్ సాయంతో బార్‌కోడ్‌ను కణం డీఎన్‌ఏలోకే చొప్పిస్తారు. అది జీడిగుర్తు కాదు, ఇంటిపేరు. కణం విడిపోతే పిల్లకణాలకూ అదే వస్తుంది. కణం ఆ వరుసను ఆర్‌ఎన్‌ఏగా కూడా రాసుకునేటట్టు చేస్తే, మిగతా ఆర్‌ఎన్‌ఏతో పాటే దాన్నీ చదవవచ్చు. ఇక్కడ 'కణంలో', 'చొప్పించు'. తగిలించు, చేర్చు, చొప్పించు అని క్రియ మారగానే పద్ధతి మారిందని పాఠకుడికి దానంతట అదే అర్థమవుతుంది.

'డీఎన్‌ఏ బార్‌కోడ్' అని దిద్దబోకండి. 2003లో పాల్ హెబర్ట్ బృందం ప్రతిపాదించాక ఆ పేరు జీవజాతులను గుర్తించే పద్ధతికి స్థిరపడింది. అక్కడ వరుస జీవిలో సహజంగా ఉన్నదే, మనం పెట్టింది కాదు.

'సామూహిక' అనగానే వివాహాలు, గృహప్రవేశాలు గుర్తొస్తాయి. 'కలిపి' అంటే పోయె. అనుక్రమణం తప్పు కాదు గానీ, ఒకసారి 'వరుస చదవడం' అని చెప్పి తర్వాత సీక్వెన్సింగ్ అని రాసుకోండి. నేనైతే పేరు ఇలా పెడతాను: 'కణాల్లో బార్‌కోడ్‌లు చొప్పించి, అన్నీ కలిపి, ఒక్కో కణం ఆర్‌ఎన్‌ఏ చదవడం'. పొడుగే, కానీ మీ నాన్నగారు చదువుతారు.

బహువచనం రెండు విధాలా రాయవచ్చు. 'బార్‌కోడు' అని ఉకారాంతంగా పలికేవారికి 'బార్‌కోడ్లు', హలంతంగా రాసేవారికి 'బార్‌కోడ్‌లు'. వ్యాసమంతా ఒకటే పాటించండి. మీ ఉత్తరంలోనే రెండు చోట్ల రెండు రకాలుగా ఉంది.