మోగించే ముందు పేర్లు చెప్పండి

చిన్నీ,

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నలుగురు స్నేహితులు కలిసి చెన్నై వేళచ్చేరిలో గది తీసుకున్నారట, శబ్దాలతో ప్రయోగాలు చేస్తారట, అదీ ఏడాదో రెండేళ్ళో కాదు, బతికినన్నాళ్ళూ అట. తను దిగులుగా చెప్పింది గానీ నాకు మాత్రం గర్వంతో గొంతు పట్టేసింది. గది కింది అంతస్తులో ఉందని వినగానే దిగులు నాకూ అంటుకుంది. 2015 డిసెంబరులో వేళచ్చేరి ఎలా మునిగిందో మరిచిపోయావా? ఎక్స్‌టెన్షన్ బోర్డులు నేల మీద పెట్టకండి, గోడకి నడుమెత్తున బిగించండి. రికార్డింగులున్న డిస్కు మాత్రం ఒక్క రాత్రి కూడా ఆ గదిలో ఉండకూడదు.

కరెంటు సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తాను. గదికి 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉందో లేదో చూడు, లేకపోతే ఓనరుని అడిగి పెట్టించు. స్పీకర్లలో 50 హెర్ట్జ్ గుయ్యిమంటే ఎర్త్ పిన్ను పీకెయ్యమని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు. వాళ్ళ మాట వినొద్దు. ఆ పిన్ను మీ ప్రాణం కోసం ఉన్నది. అన్ని ప్లగ్గులూ ఒకే బోర్డు నుంచి తీసుకోండి, అప్పటికీ ఆ మోత పోకపోతే మధ్యలో డీఐ బాక్సు (వాయిద్యానికీ మిక్సర్‌కీ నడుమ సిగ్నల్‌ని సర్దే చిన్న పెట్టె) పెట్టి దాని మీది గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ వెయ్యండి. పాత బొమ్మల కీబోర్డులు విప్పి వైర్లు మార్చే సరదా ఉంటే బ్యాటరీతో నడిచేవే విప్పండి. గోడ కరెంటుతో నడిచేది ఒక్కటి కూడా విప్పొద్దు.

కాంటాక్ట్ మైకులు, అంటే వస్తువుకి అతికిస్తే దాని అదురుని పట్టేవి, కొనకండి, చేసుకోండి. రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ అంగళ్ళలో 27 మిల్లీమీటర్ల పీజో బిళ్ళలు (అదురుని కరెంటుగా మార్చేవి) టీ ఖర్చుకి దొరుకుతాయి. మధ్యనున్న తెల్లటి పింగాణీ భాగానికి సిగ్నల్ వైరు, ఇత్తడి అంచుకి గ్రౌండు. సాల్డరింగ్ ఐరన్ తెలుపు మీద రెండు సెకన్లకి మించి ఆనితే పూత లేచిపోతుంది. షీల్డు ఉన్న తీగే వాడాలి, బిళ్ళ మీద రెండు పూతలు నెయిల్ పాలిష్ వేస్తే తేమ పట్టదు. దాన్ని తిన్నగా మిక్సర్ మైక్ ఇన్‌పుట్‌లో పెట్టి, రేకు డబ్బా మోతలా ఉందని పారేసేవాళ్ళే ఎక్కువ. తప్పు బిళ్ళది కాదు. దాని కెపాసిటెన్స్ (విద్యుత్తుని నిలవుంచుకునే గుణం) ఇంచుమించు 20 నానోఫారడ్‌లు. మైక్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే అడ్డు) 2 కిలోఓమ్‌లే ఉంటే 4,000 హెర్ట్జ్‌కి కింద ఉన్నదంతా పలచబడిపోతుంది. మధ్యలో 1 మెగాఓమ్ ఇన్‌పుట్ ఉన్న ప్రీయాంప్ (సన్నటి సిగ్నల్‌ని పెంచే పెట్టె) పెట్టు, ఆ హద్దు 8 హెర్ట్జ్‌కి దిగుతుంది. అప్పుడు ఇత్తడి బిందెకి అతికించి, నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ తట్టి చూడు. స్వరం జారుతూ ఉంటే మీ నలుగురూ ఆ సాయంత్రం ఇంకేమీ ముట్టుకోరు.

చెవుల గురించి ఒక్క మాట. 85 డెసిబెల్స్ ఎనిమిది గంటలు తట్టుకోవచ్చు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగానికి పడిపోతుంది. 100 దగ్గర మిగిలేది పదిహేను నిమిషాలే. రాత్రి 10 దాటితే స్పీకర్లు కట్టెయ్యండి, పక్కింట్లో పసిపిల్లలుంటారు.

ఇక అసలు విషయం. మా తరం వాళ్ళం చేసిన పెద్ద తప్పు రికార్డు చెయ్యకపోవడం కాదు. కుప్పలుతెప్పలుగా చేశాం. క్యాసెట్టు మీద పేరు రాయలేదు, అంతే. ఎవరు వాయించారో, ఏ రోజో, ఏ వాద్యమో, తంబుర ఏ శ్రుతిలో ఉందో ఏమీ లేదు. గుర్తుండదా అనుకున్నాం. పేరులేని అరవై నిమిషాల క్యాసెట్టుని ఇంట్లో ఎవరూ కూర్చుని వినరు. ఖాళీదనుకుని దాని మీద సినిమా పాటలు ఎక్కిస్తారు. అలా తప్పించుకున్నవాటిని మద్రాసు ఉక్క తినేసింది. టేపు మీది అయస్కాంతపు పొడిని పట్టి ఉంచే జిగురు గాలిలోని తేమ పీల్చి మెత్తబడుతుంది, తిప్పగానే హెడ్డుకి అంటుకుని ఊడివస్తుంది. పైగా తెల్లటి బూజు. అన్నీ ఒకే బీరువాలో ఉంటే, పోయిననాడు అన్నీ కలిసే పోతాయి. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

1969లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్ఐడీ)లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ మూగ్ సింథసైజర్‌తో, అంటే కరెంటుతో శబ్దాలు పుట్టించే వాద్యంతో, స్టూడియో పెట్టాడు. అక్కడ మనవాళ్ళు చేసిన ఎలక్ట్రానిక్ సంగీతం దశాబ్దాలపాటు ఎవరికీ పట్టలేదు. టేపులు సంస్థ ఆర్కైవ్‌లో మిగిలాయి కాబట్టే 2023లో ఆల్బంగా వచ్చింది. సంగీతకారిణి గీతా సారాభాయ్ చేసిన పని కూడా అందులో వినగలుగుతున్నాం. ఆ అర లేకపోయుంటే ఏముండేది చెప్పు!

మీకు టేపుల బెడద లేదని నవ్వకు. మీ తప్పు ఇంకో వేషంలో వస్తుంది. సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు ఫైలు దాచుకుని అదే రికార్డింగు అనుకుంటారు. పదేళ్ళ తర్వాత అందులో వాడిన ప్లగిన్ (సాఫ్ట్‌వేర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాం) ఉండదు, ఫైలు తెరుచుకోదు. కాబట్టి సెషన్ ముగిసిన రాత్రే ఒక్కో ట్రాకునీ సున్నా నుంచి మొదలయ్యేలా, అన్నీ ఒకే పొడవులో, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైళ్ళుగా తియ్యి. వారానికి ఒక గంట, నాలుగు మోనో ట్రాకులంటే 2 జీబీ. ఏడాదికి సుమారు 108. పదేళ్ళకి ఒక టెరాబైటుకి కాస్త పైన, అంతే. ఫైలు పేరులో ముందు సంవత్సరం, తర్వాత నెల, తేదీ రాస్తే వాటంతట అవే వరసలో ఉంటాయి. ‘ఫైనల్’ అనే మాట పేరులో రాశావంటే ఊరుకోను. మూడు కాపీలు ఉండాలి, రెండు వేరువేరు రకాల నిల్వ సాధనాల మీద, ఒకటి వేరే ఊళ్ళో. ఆరునెలలకోసారి తెరిచి విని చూడాలి.

చీటీలు ఊడిపోతాయి, ఫైలు పేర్లు చెరిగిపోతాయి. అందుకని రికార్డింగ్ మొదలవగానే, వాయించే ముందు, నలుగురూ మీ గొంతులతో మీ పేర్లు, తేదీ, చేతిలో ఏముందో చెప్పండి. ఆ తర్వాత ఒక నిమిషం ఎవరూ కదలకుండా గది శబ్దం పట్టండి, ఆపైన మొదలెట్టండి. ముప్ఫై ఏళ్ళు పోయాక ఆ వాయిద్యం కన్నా ఆ నాలుగు గొంతులే మీకు ఎక్కువ ముద్దొస్తాయి, చూస్తూ ఉండు.

వారం మారినా రోజు మారకూడదు. ముగ్గురే వచ్చినా వాయించండి. 1965లో లండన్‌లో మొదలైన, అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించే ఏఎంఎం బృందం సభ్యులు వస్తూ పోతూ ఉన్నా అర్ధ శతాబ్దం దాటి నడిచింది. ఎవరైనా మానేస్తే రికార్డింగులు ఎవరివో ఇప్పుడే, ప్రేమగా ఉన్నప్పుడే, ఒక కాగితం మీద రాసి నలుగురూ సంతకాలు పెట్టండి. తర్వాత అడగడానికి నోరు రాదు.

ఆ మూడో కాపీ నాకు పంపు. అనంతపురం గాలి పొడిగా ఉంటుంది, మాది రెండో అంతస్తు. డిస్కుతో పాటు సిలికా జెల్ పొట్లాలు నాలుగు వెయ్యడం మర్చిపోకు. మొదటి ఫైలు నేనే తెరిచి వింటాను, మీ పేర్లు వినపడకపోతే అదే రోజు ఫోన్ చేస్తాను.

నీ పెద్దమ్మ