‘లే’ రాయాలా, ‘లెయిడ్’ రాయాలా?

“నిన్నంతా జ్వరంతో పడుకున్నాను” అని ఇంగ్లీషులో అనడానికి ‘లే’ (lay) రాయాలా, ‘లెయిడ్’ (laid) రాయాలా అని అడిగారు. ‘లే’ రాయాలి. ఈ క్రియ దగ్గర ఒకసారి బోర్లా పడ్డవాణ్ణి కనుక కాస్త వివరంగా చెబుతాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో సెలవు చీటీ మీద ‘ఐ వాజ్ లేయింగ్ ఇన్ బెడ్’ అని రాశాను. పై అధికారి చదివి, “ఎన్ని పెట్టారు?” అన్నారు. నాకు అర్థం కాలేదు. “గుడ్లండీ” అన్నారు. ‘లే’కు కర్మ లేకపోతే అది కోడి చేసే పనేనట!

సకర్మకం, అకర్మకం అంటూ నాకు ఎంత చెప్పినా తలకెక్కలేదు. చివరికి తెలుగే ఆదుకుంది. ‘పాపను పడుకున్నాను’ అని మనలో ఎవరూ అనరు కదా. ‘లై’ (lie) అంటే పడుకోవడం, ‘లే’ అంటే పడుకోబెట్టడం. వస్తువులకైతే పడి ఉండటం, పెట్టడం. కూర్చోవడానికి ‘సిట్’, కూర్చోబెట్టడానికి ‘సెట్’ కూడా ఇలాంటి పాత జంటే. (మనం నిద్ర లేవమనడానికి వాడే మాటతో వాళ్లు పడుకోబెడతారు, అది వేరే సంగతి.)

అసలు చిక్కు భూతకాలంలో ఉంది. ‘లై’కి భూతకాలం ‘లే’. పడుకోబెట్టే క్రియ, నిన్న పడుకున్న క్రియ ఒకే వేషంలో కనిపిస్తాయి. ‘హ్యావ్’ పక్కన ‘లెయిన్’ వస్తుంది. పడుకోబెట్టే ‘లే’కు రెండు చోట్లా ‘లెయిడ్’ ఒక్కటే. దాని స్పెల్లింగు ‘పెయిడ్’ లాగే, వై తీసేసి ఐ, డి. అబద్ధమాడే ‘లై’ మరో క్రియ, దాని భూతకాలం ‘లైడ్’. ‘ఐ లైడ్ ఇన్ బెడ్’ అని రాశారో, మంచం మీద అబద్ధమాడినట్టే.

‘అండర్‌లైయింగ్’ వచ్చింది ‘లై’ నుంచి. ఇటుకలు పేర్చే ‘బ్రిక్‌లేయర్’ వచ్చింది ‘లే’ నుంచి.

ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్లు కూడా మాటల్లో ‘లేయింగ్ ఇన్ బెడ్’ అనేస్తుంటారు. మీకు రెండూ వినబడటానికి కారణం అదే. పరీక్షలో మాత్రం మార్కు పోతుంది. ఇక సెలవు చీటీ అంటారా, ఇప్పటికీ నేను ‘ఐ వాజ్ ఇన్ బెడ్’ అని రాసి ఊరుకుంటాను.