సర్వర్‌కు చందా కట్టాలా, మనమే చూసుకోవాలా?

ప్రశ్న: మాది బాలానగర్‌లో విడిభాగాల టోకు వ్యాపారం. బిల్లింగ్, స్టాకు లెక్కలు నడిచే రెండు సర్వర్లలో ఇంకా సెంట్‌ఓఎస్ 7 అనే ఉచిత లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. చందాతో లినక్స్ ఇచ్చే రెడ్ హ్యాట్ సంస్థకు చందా కట్టాలా, ఉచితంగా దొరికే ఆల్మా లినక్స్ సరిపోతుందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: సెంట్‌ఓఎస్ 7కు ఉచిత అప్‌డేట్లు 2024 జూన్ 30తో ఆగిపోయాయి. ఆ సర్వర్లు ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచి ఉంటే ముందు ఈ రోజే ఫైర్‌వాల్ (బయటి రాకపోకలను అడ్డుకునే రక్షణ) వెనక్కి చేర్చండి.

చందా కడితే అదనంగా దొరికేది సాయం అడిగే హక్కు, ధ్రువీకరణ (ఈ సిస్టమ్ మీద తమ సాఫ్ట్‌వేర్ నడుస్తుందని దాని తయారీదారు ఇచ్చే మాట). ఒరాకిల్ డేటాబేస్ వాడుతుంటే రెడ్ హ్యాట్, సూసే, ఒరాకిల్ లినక్స్‌లలో ఒకటి తీసుకోండి. ఆల్మాకు ఆ ధ్రువీకరణ లేదు. చవకైన సెల్ఫ్ సపోర్ట్ చందాలో అప్‌డేట్లే వస్తాయి, ఇంజనీరు సాయం రాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు.

మీ బిల్లింగ్ ప్రోగ్రాము పీహెచ్‌పీ భాషలో రాసినదై, డేటా మరియాడీబీ అనే ఉచిత డేటాబేస్‌లో ఉంటే ఆల్మా 9 చాలు. దానికి 2032 దాకా భద్రతా అప్‌డేట్లున్నాయి. అయితే నెలనెలా అప్‌డేట్ చేసి రీబూట్ చేయడానికి, బ్యాకప్‌ను నిజంగా రీస్టోర్ చేసి చూడటానికి మీ దగ్గర ఒక మనిషి ఉండాలి. లేకపోతే ఆ పనికి స్థానికంగా ఒకరిని కుదుర్చుకోండి.

ఆల్మాను పాత సెంట్‌ఓఎస్ మీదే ఎక్కించకండి. వేరే డిస్కులో కొత్తగా ఇన్‌స్టాల్ చేసి డేటా తరలించండి. 2008కి ముందటి ప్రాసెసర్ల మీద ఆల్మా 9 నడవదు. పాత పీహెచ్‌పీ 5.4 ప్రోగ్రాములో మైఎస్‌క్యూఎల్_కనెక్ట్ (డేటాబేస్‌కు కలిపే పాత ఆదేశం) ఉంటే కొత్త సర్వర్‌లో బిల్లింగ్ తెరుచుకోదు, ఎందుకంటే పీహెచ్‌పీ 7లోనే దాన్ని తీసేశారు. కోడ్ మార్చాకే పాత సర్వర్ ఆపండి.