డబుల్ బేస్‌ను మోస్తున్నది మీ ఎడమ బొటనవేలా?

ప్రశ్న: నా వయసు 36. రెండేళ్లుగా డబుల్ బేస్ (వయొలిన్‌ను పోలిన పెద్ద తీగ వాయిద్యం) నేర్చుకుంటున్నాను. నిలబడే వాయిస్తాను. అరగంట దాటితే ఎడమ బొటనవేలి మొదట్లో నొప్పి వస్తోంది. నడుము కుడివైపు పట్టేస్తోంది. ఈమధ్య ఎడమ తొడ బయటివైపు తిమ్మిరి కూడా మొదలైంది. వాయించడం మానేయాల్సిందేనా?
- ఓ పాఠకుడు

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి మానేయాల్సిన అవసరమైతే కనిపించడం లేదు. ఈ మూడూ మూడు జబ్బుల్లా అనిపిస్తున్నా, మూలం ఒక్కటే అయ్యుండొచ్చు. వాయిద్యం ఒరిగిపోకుండా మీ ఎడమచేయి కాపలా కాస్తున్నట్టుంది.

ఓ చిన్న పరీక్ష చేసి చూడండి. రోజూ నిలబడే తీరులోనే నిలబడి, రెండు చేతులూ మెల్లగా వదిలేయండి. పక్కన ఎవరినైనా ఉంచుకోండి, పడితే ఖరీదైన వ్యవహారం! బేస్ మీ ఒంటికి ఆనుకుని కదలకుండా ఉంటే మంచిదే. ముందుకో పక్కకో జారిపోతే మాత్రం, ఇన్నాళ్లూ దాన్ని ఆపుతున్నది మీ బొటనవేలేనని అర్థం. దాదాపు ఆరడుగుల ఎత్తు, పది కిలోల వరకు బరువుండే వాయిద్యం అది. ఆ బరువు అడుగునున్న ఎండ్‌పిన్ (నేలకు ఆనే కడ్డీ) మీదుగా నేలలోకి దిగాలి. వాయిద్యాన్ని కొద్దిగా మీ వైపు వాల్చుకుంటే, వెనక పైభాగపు అంచు పొత్తికడుపు ఎడమవైపున ఆనుతుంది. కింద ఎడమ మోకాలు కాస్త దన్నుగా ఉంటుంది. ఈ మూడు ఆధారాలూ కుదిరితే చేతులకు వాయించడం తప్ప వేరే పని ఉండదు.

అప్పుడు కూడా తీగ నొక్కడానికి బొటనవేలితో పిసకనక్కర్లేదు. మోచేతిని కిందికి వాలనీయకుండా, చేయి బరువునే వెనక్కి వేలాడేస్తే తీగ నొక్కుకుంటుంది. ఓ స్వరం పట్టుకుని బొటనవేలిని క్షణంపాటు ఎత్తి చూడండి. స్వరం అలాగే పలికితే పట్టు సరిగ్గా ఉన్నట్టే.

ఎండ్‌పిన్ ఎత్తు విషయంలో చాలామంది పొరబడతారు. తీగలు ఫింగర్‌బోర్డు (వేళ్లతో తీగలు నొక్కే పొడవాటి పలక) మీదికి దిగే చోట ఉండే నట్ మీ కనుబొమల ఎత్తుకు రావాలన్నది మొదటి అంచనా మాత్రమే. అసలు కొలత కుడిచేతిది. భుజం వదులుగా వేలాడుతుండగానే కమాను ఫింగర్‌బోర్డు చివరకీ, తీగలను ఎత్తి పట్టే చెక్క అయిన బ్రిడ్జికీ మధ్య పడాలి. అందుకోసం వంగాల్సి వస్తే వాయిద్యం కిందికి ఉన్నట్టు. ఎడమ భుజం చెవి దగ్గరకు పోతుంటే మరీ పైకి ఉన్నట్టు. పై స్వరాలకు వెళ్లేటప్పుడు కూడా వీపు గూనిగా వంచకండి. వాయిద్యాన్ని మరికాస్త మీ మీదికి వాల్చుకుని, తుంటి దగ్గర వంగండి. వంపు తిరిగిన ఎండ్‌పిన్‌లు కూడా దొరుకుతాయి. వాటితో బేస్ ఎక్కువగా వాలుతుంది కాబట్టి ఎడమచేతి మీద భారం తగ్గుతుంది. అయితే అందరికీ నప్పవు, కొనేముందు ఒకసారి వాయించి చూడండి.

ఇక నడుము. ఎడమకాలు వాయిద్యానికి అప్పగించి, ఒళ్లంతా కుడికాలి మీద వేసి నిలబడుతున్నారేమో గమనించండి. అద్దం ముందు వాయిస్తూ బెల్టు గీత చూసుకుంటే తెలిసిపోతుంది. అది ఓ పక్కకు వాలిందంటే బరువు ఒక కాలి మీదే పడుతున్నట్టు, అందుకే కుడి నడుము పట్టేస్తుండొచ్చు. పాదాలు భుజాలంత ఎడంగా, ఎడమ పాదం కాస్త ముందుకు పెట్టండి. మోకాళ్లు బిగించకండి. ఇరవై నిమిషాలకోసారి వాయిద్యం పక్కన పెట్టి నాలుగడుగులు వేయండి. ఎత్తు స్టూలు మీద సగం కూర్చుని వాయించడమూ తప్పేం కాదు.

తొడ తిమ్మిరి కూడా వాయిద్యం ఆనే తీరు వల్లే కావొచ్చు. తుంటి ఎముక ముందు కొస పక్కనుంచి తొడ బయటి చర్మానికి ఓ నరం వెళ్తుంది. వాయిద్యం అంచో, బిగుతు బెల్టో, జేబులో ఫోనో అక్కడ నొక్కితే సరిగ్గా మీరు చెప్పిన చోటే తిమ్మిరెక్కుతుంది. బెల్టు వదులు చేసి, అంచు ఆనే చోటును రెండు అంగుళాలు లోపలికి జరపండి.

రెండు మూడు వారాల్లో తగ్గకపోయినా, బొటనవేలిని పిడికిట్లో ముడిచి మణికట్టును చిటికెనవేలి వైపు వంచితే కలుక్కుమన్నా ఎముకల డాక్టర్‌ను కలవండి. కాలిలో బలం తగ్గినా, మూత్రం మీద పట్టు తప్పుతున్నట్టు అనిపించినా మాత్రం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కన్సల్టేషన్ గదిలో కుర్చీలో కూర్చున్న మనిషిని చూస్తే మాకేమీ తెలియదు. మీరు వాయిస్తుండగా పక్కనుంచి, వెనకనుంచి తీసిన వీడియోలు ఫోన్లో పెట్టుకెళ్లండి.